కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ: అసోసియేట్ డిగ్రీకి జీఈ కోర్సులు ఏ లిస్టు చూసి తీసుకోవాలి?

ఈస్ట్‌బే నాన్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇద్దరు ఒకేసారి కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నారు. కాలేజీ ఒకటే, చేతికిచ్చిన జనరల్ ఎడ్యుకేషన్ (జీఈ, అంటే మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన సాధారణ కోర్సులు) కాగితాలు మాత్రం రెండు రకాలు. ఒకదాని మీద 21 యూనిట్లని, ఇంకోదాని మీద 34 యూనిట్లని ఉంది.

అబ్బాయి ఇప్పుడే హైస్కూల్ ముగించాడు. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌లో రెండేళ్లు చదివి సీఎస్‌యూకి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) ట్రాన్స్‌ఫర్ అవ్వాలని ప్లాన్, వీలైతే యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా). హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో సైకాలజీలో 4, ఇంగ్లిష్ లాంగ్వేజ్‌లో 3 వచ్చాయి.

మా ఆవిడ ఉస్మానియా బీకాం. ప్రీస్కూల్ టీచరుగా చేయాలని ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్‌లో చేరుతోంది. గ్రీన్‌కార్డు ఉంది. ఆమె బీకాం సబ్జెక్టులు ఇక్కడ జీఈ కింద చెల్లుతాయా? అబ్బాయి ఏపీ స్కోర్లు ఎక్కడ పనికొస్తాయి? మొదటి సెమిస్టర్‌లో ఏమేం తీసుకోవాలి?

కాటలాగు పురుగు:

రెండు కాగితాలూ కరెక్టే, గమ్యాలే వేరు. 21 యూనిట్లది లోకల్ అసోసియేట్ డిగ్రీకి, అంటే యూనివర్సిటీకి వెళ్లకుండా ఇక్కడి డిగ్రీతోనే ఆగేవాళ్లకు. 34 యూనిట్లది క్యాల్-జెట్‌సీ, అంటే ట్రాన్స్‌ఫర్ వాళ్లకు. 2025 ఫాల్‌కి ముందు యూసీ, సీఎస్‌యూ రెండింటికీ చెల్లే ఐజెట్‌సీ, సీఎస్‌యూకి మాత్రమే చెల్లే జీఈ బ్రెడ్త్ అని రెండు లిస్టులు ఉండేవి. 2021లో వచ్చిన ఏబీ 928 చట్టంతో రెండూ పోయి ఒకటే లిస్టయింది. నెట్‌లో దొరికే పాత పీడీఎఫ్‌లు ఇంకా ఆ రెండు పేర్లతోనే తిరుగుతున్నాయి, కొత్తగా చేరేవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు. 2025 ఫాల్‌కి ముందే చేరి మధ్యలో ఆపకుండా చదువుతున్నవాళ్లకు మాత్రం కాటలాగ్ రైట్స్ ఉంటాయి, వాళ్లు పాత లిస్టుతోనే ముగించవచ్చు.

ముందు డిగ్రీ లెక్క. ఏ అసోసియేట్ డిగ్రీకైనా మొత్తం 60 సెమిస్టర్ యూనిట్లు. అందులో మేజర్ కనీసం 18, జీఈ ఒక వాటా, మిగిలింది ఎలక్టివ్స్. మొత్తం జీపీఏ 2.0 ఉండాలి, మేజర్ కోర్సుల్లో ప్రతిదాంట్లో కనీసం సీ గ్రేడు ఉండాలి. డిగ్రీ ఇచ్చే కాలేజీలో కనీసం 12 యూనిట్లు చదివి ఉండాలి. నాలుగు కాలేజీల్లో ముక్కలు ముక్కలుగా ఆన్‌లైన్ కోర్సులు చేసేవాళ్లు చివర్లో ఇరుక్కునేది ఈ 12 దగ్గరే.

లోకల్ డిగ్రీ జీఈలో ఏడు విభాగాలు, ఒక్కోదాంట్లో 3 యూనిట్లు: ఇంగ్లిష్ కంపోజిషన్, ఓరల్ కమ్యూనికేషన్ లేదా క్రిటికల్ థింకింగ్, మ్యాథ్స్, ఆర్ట్స్-హ్యుమానిటీస్, సోషల్ సైన్స్, నేచురల్ సైన్స్, ఎత్నిక్ స్టడీస్. ఇది రాష్ట్రం పెట్టిన కనీసం. దీని మీద కాలేజీ ఇంకేదైనా కలుపుకోవచ్చు కాబట్టి మీ కాలేజీ షీటే ఫైనల్.

క్యాల్-జెట్‌సీ ఇలా ఉంటుంది:

ఏరియా 1: ఇంగ్లిష్ కంపోజిషన్ (1ఏ), క్రిటికల్ థింకింగ్ (1బీ), ఓరల్ కమ్యూనికేషన్ (1సీ). మూడు కోర్సులు, 9 యూనిట్లు.
ఏరియా 2: మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్, 3.
ఏరియా 3: ఆర్ట్స్ ఒకటి (3ఏ), హ్యుమానిటీస్ ఒకటి (3బీ), 6.
ఏరియా 4: సోషల్ సైన్సెస్ రెండు, అవి రెండు వేర్వేరు డిసిప్లిన్లవి అయ్యుండాలి, 6.
ఏరియా 5: ఫిజికల్ సైన్స్ ఒకటి, బయాలజీ వైపు ఒకటి, వాటిలో ఒకదానికి ల్యాబు, మొత్తం 7.
ఏరియా 6: ఎత్నిక్ స్టడీస్, 3.

అన్నిట్లో సీ రావాలి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు సీ మైనస్ ఇవ్వవు, కాబట్టి ఇక్కడ చదివినవాటితో ఆ గొడవ లేదు. వేరే రాష్ట్రంలో గానీ ప్రైవేటు యూనివర్సిటీలో గానీ తెచ్చుకున్న సీ మైనస్ మాత్రం క్యాల్-జెట్‌సీకి చెల్లదు.

ఇంకో మాట. క్యాల్-జెట్‌సీ వేరు, లోకల్ డిగ్రీ వేరు. ఒకటి లేకుండా ఇంకొకటి రావచ్చు. యూసీకి వెళ్లడానికి అసోసియేట్ డిగ్రీ అక్కర్లేదు. సీఎస్‌యూకి ఉపయోగపడేది అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్, అంటే పేరు చివర టీ ఉండే ఏఏ-టీ, ఏఎస్-టీ. అది ఉంటే సీఎస్‌యూ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు గ్యారంటీ. ఫలానా క్యాంపస్‌లో ఫలానా మేజర్ అని గ్యారంటీ కాదు. ఈ తేడాను మన వాళ్లు చాలామంది అడ్మిషన్ లెటర్లు వచ్చాకే తెలుసుకుంటారు.

లెక్కల మాస్టారు:

అబ్బాయి సంగతి నేను చెప్తాను. బిజినెస్ వాళ్లు జీఈని, మేజర్‌ని వేరు వేరు డబ్బాల్లో పెట్టి లెక్కేసుకుంటే ఒక సెమిస్టర్ దండగ. రెండు చోట్లా పనికొచ్చే కోర్సులు ఉన్నాయి. స్టాటిస్టిక్స్ మేజర్‌కీ వస్తుంది, ఏరియా 2కీ వస్తుంది. మైక్రో ఎకనామిక్స్ మేజర్‌కీ వస్తుంది, ఏరియా 4కీ వస్తుంది.

ఒక గుంట ఉంది, చూసుకోండి. బిజినెస్ మేజర్‌కి మైక్రో, మాక్రో రెండూ కావాలి కదా, ఏరియా 4లోనూ రెండు కోర్సులే కదా, లెక్క సరిపోయిందని అనుకుంటారు. సరిపోదు. రెండూ ఎకనామిక్సే, ఒకే డిసిప్లిన్. ఒకటే లెక్కకొస్తుంది, రెండోది వేరే సబ్జెక్టు నుంచి రావాలి. మీవాడికి ఏపీ సైకాలజీలో 4 ఉంది కనుక అది ఒక డిసిప్లిన్, మైక్రో ఇంకోటి. ఏరియా 4 అయిపోయినట్టే.

ఏపీ స్కోరు 3 ఆ పైన ఉంటే క్యాల్-జెట్‌సీ ఒప్పుకుంటుంది. (మన ఏపీ కాదు, ఈ ఏపీ వేరు.) ఇంగ్లిష్ లాంగ్వేజ్ 3తో 1ఏ తీరిపోతుంది. అయితే 1బీ, 1సీ ఏ ఏపీ పరీక్షతోనూ తీరవు, క్లాసులో కూర్చోవలసిందే. ఎత్నిక్ స్టడీస్ కూడా కాలేజీలోనే తీసుకోమనండి.

దీంట్లో ఆచరణలో వచ్చే చిక్కు ఏంటంటే, 1బీ కోర్సుకి 1ఏ ప్రీరిక్విజిట్, అంటే ముందే పూర్తయి ఉండాలి. ఏపీ స్కోరు ఉందని రిజిస్ట్రేషన్ సిస్టమ్‌కి దానంతట అది తెలియదు, క్లాసులో చేరబోతే ఆపేస్తుంది. ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు నుంచి అఫీషియల్ స్కోరు రిపోర్టు కాలేజీకి పంపించి, ప్రీరిక్విజిట్ క్లియరెన్స్ ఫారం పెట్టాలి. స్క్రీన్‌షాట్ పట్టుకెళ్తే కుదరదు. రిజిస్ట్రేషన్ తేదీకి మూడు నాలుగు వారాల ముందే ఈ పని కానిచ్చేయండి, ఆ తేదీ దగ్గరపడితే ఆఫీసులో క్యూ పెరుగుతుంది.

కోర్సు నంబర్లు కూడా మారాయి. ఒకప్పుడు ఒక్కో కాలేజీది ఒక్కో నంబరు. ఇప్పుడు కామన్ నంబరింగ్‌లో భాగంగా కొన్ని కోర్సులకు అన్ని కాలేజీల్లో ఒకటే పేరు: ఇంగ్లిష్ సీ1000 కంపోజిషన్, సీ1001 క్రిటికల్ థింకింగ్, కామ్ సీ1000 పబ్లిక్ స్పీకింగ్, స్టాట్ సీ1000 స్టాటిస్టిక్స్, సైక్ సీ1000, పాల్స్ సీ1000 అమెరికన్ గవర్నమెంట్. నంబరు ముందు సీ ఉంటే అది కామన్ కోర్సు.

మొదటి సెమిస్టర్‌కి ఇలా చూడండి: ఇంగ్లిష్ సీ1001, స్టాట్ సీ1000, మైక్రో ఎకనామిక్స్, ఎత్నిక్ స్టడీస్. 12 యూనిట్ల పైనే పడుతుంది. రెండో సెమిస్టర్‌లో ఫైనాన్షియల్ అకౌంటింగ్, మాక్రో, పబ్లిక్ స్పీకింగ్, ల్యాబు ఉన్న సైన్స్ ఒకటి. అకౌంటింగ్‌ని మొదటి సెమిస్టర్‌కే లాగినా తప్పు లేదు, కానీ దాన్నీ స్టాట్‌నీ ఒకేసారి పెడితే కొత్త పిల్లలు అక్టోబరుకల్లా చేతులెత్తేస్తారు.

ఇంగ్లిష్, మ్యాథ్స్‌కి ప్లేస్‌మెంట్ టెస్టు అక్కర్లేదు. ఏబీ 705 చట్టం వచ్చాక హైస్కూల్ గ్రేడ్లు చూసి నేరుగా ట్రాన్స్‌ఫర్ లెవెల్ క్లాసులోనే కూర్చోబెడతారు. పక్కన ఒకటి రెండు యూనిట్ల సపోర్ట్ క్లాసు పెట్టుకోమని అడగవచ్చు. అవసరమైతే పెట్టుకోండి, కానీ క్యాల్-జెట్‌సీ లెక్కలోకి ఆ యూనిట్లు రావు.

ఓరుగల్లు పోరడు:

మాస్టారు చెప్పింది మంచిగుంది, ఒక్క ముచ్చట యాది చేస్త. సీఎస్‌యూల డిగ్రీ చేతికి రావాలంటే అమెరికన్ ఇన్‌స్టిట్యూషన్స్ అని ఇంకో రెండు కోర్సులు కావాలె: ఒకటి యూఎస్ హిస్టరీ, ఇంకోటి గవర్నమెంట్. ఇది క్యాల్-జెట్‌సీల లేదు, వేరే రూలు. గట్లని ఎక్కువ యూనిట్లు పెట్టుకునుడు ఎందుకు? చానా కాలేజీలల్ల యూఎస్ హిస్టరీ 3బీ హ్యుమానిటీస్ కింద గూడ ఉంటది. ఆడ హిస్టరీ పెట్టుకుంటే ఒక దెబ్బకు రెండు పిట్టలు. పాల్స్ సీ1000 ఎలక్టివ్ లెక్కల పోతది.

ఇంకోటి: సీఎస్‌యూకు అప్లై చేసెటోళ్లకు 1ఏ, 1బీ, 1సీ, ఏరియా 2, ఈ నాలుగింటిని గోల్డెన్ ఫోర్ అంటరు. ఫాల్‌ల పోవాలంటే దాని ముందటి స్ప్రింగ్ అయిపోయెవరకు ఈ నాలుగు, 60 ట్రాన్స్‌ఫర్ యూనిట్లు ఖతం గావాలె. పబ్లిక్ స్పీకింగ్‌కు భయపడి ఆఖరి సమ్మర్‌కు జరిపిన పోరగాళ్ల అడ్మిషన్ గీడనే ఆగుతది.

కాటలాగు పురుగు:

ఓరుగల్లు గారన్నది నిజం. ఎత్నిక్ స్టడీస్ గురించి కూడా ఒక మాట కలుపుతాను, అపోహ ఎక్కువ కనుక. ఏరియా 6 అంటే అమెరికాలోని నాలుగు సమూహాల అధ్యయనం: నేటివ్ అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్, ఏషియన్ అమెరికన్, లాటినో అమెరికన్. భారతదేశ చరిత్ర, భారతీయ తత్వశాస్త్రం లాంటివి ఇందులోకి రావు, అవి మహా అయితే ఏరియా 3. మన వలసల గురించి చదవాలని ఉంటే ఏషియన్ అమెరికన్ స్టడీస్ తీసుకోవచ్చు, అది ఏరియా 6కి లెక్కకొస్తుంది.

ఇక మేడమ్ గారి సంగతి. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి.

బీకాం యూనిట్లు క్యాల్-జెట్‌సీకి పనికిరావు. అమెరికన్ రీజినల్ అక్రెడిటేషన్ లేని విదేశీ యూనివర్సిటీ కోర్సుల్ని అందులోకి తీసుకోరు. ఎవాల్యుయేషన్ రిపోర్టు (విదేశీ చదువు ఇక్కడి దేనికి సమానమో ఏజెన్సీ రాసిచ్చేది) ఎంత గొప్పగా ఉన్నా అంతే. కానీ ఆవిడకి కావలసింది లోకల్ డిగ్రీ, అక్కడ నిర్ణయం కాలేజీ చేతిలో ఉంటుంది. డబ్ల్యూఈఎస్ లాంటి ఏజెన్సీతో కోర్స్-బై-కోర్స్ రిపోర్టు చేయించాలి. డాక్యుమెంట్ రిపోర్టు కొంచెం చవక, కానీ అందులో సబ్జెక్టులు విడివిడిగా ఉండవు. దాన్ని కాలేజీ వెనక్కి పంపితే రెండోసారి డబ్బు కట్టాలి. ట్రాన్స్‌క్రిప్టులు ఉస్మానియా నుంచి నేరుగా ఏజెన్సీకి వెళ్లాలి, ఇంట్లో ఉన్న మార్కుల మెమోలు చాలవు.

బీకాంలో ఎకనామిక్స్ సోషల్ సైన్స్ కింద, బిజినెస్ స్టాటిస్టిక్స్ మ్యాథ్స్ కింద వచ్చే అవకాశం ఉంది. ఇంగ్లిష్ కంపోజిషన్, ఓరల్ కమ్యూనికేషన్ మాత్రం విదేశీ కోర్సులతో తీర్చడానికి చాలా కాలేజీలు ఒప్పుకోవు. ఎత్నిక్ స్టడీస్ అమెరికా విషయమే కాబట్టి ఎలాగూ ఇక్కడే చదవాలి. అంటే ఆవిడ ఈ మూడింటికీ సిద్ధపడి, మిగతావి రిపోర్టు తేలేదాకా ఆపుకోవడం మేలు. తొందరపడి మ్యాథ్స్ తీసుకున్నాక బీకాంది చెల్లిందని తెలిస్తే ఆ యూనిట్లు ఎలక్టివ్ కింద పడి ఉంటాయి, అంతే.

అసలు ప్రశ్న: ఆవిడకి డిగ్రీ కావాలా, పర్మిట్ కావాలా? ప్రభుత్వ నిధులతో నడిచే సెంటర్లలో టీచరుగా చేయడానికి కాలిఫోర్నియాలో చైల్డ్ డెవలప్‌మెంట్ పర్మిట్లు ఉన్నాయి. అసోసియేట్ టీచర్ పర్మిట్‌కి 12 ఈసీఈ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్) యూనిట్లు, కొంత పని అనుభవం. టీచర్ పర్మిట్‌కి 24 ఈసీఈ యూనిట్లు, 16 జీఈ యూనిట్లు, దానికి తోడు అనుభవం. ఆ 16లో ఇంగ్లిష్, మ్యాథ్స్ లేదా సైన్స్, సోషల్ సైన్స్, హ్యుమానిటీస్ లేదా ఫైన్ ఆర్ట్స్ ఒక్కో కోర్సు ఉండాలి. ఇది కాలేజీ జీఈ కాదు, టీచర్ క్రెడెన్షియలింగ్ కమిషన్ లెక్క వేరు. బీకాం చూపించాలంటే ఆ కమిషన్ ఒప్పుకున్న ఏజెన్సీ రిపోర్టు ఉండాలి. కాబట్టి ఎవాల్యుయేషన్‌కి డబ్బు కట్టేముందు ఆ ఏజెన్సీ పేరు కాలేజీ లిస్టులోనూ కమిషన్ లిస్టులోనూ ఉందో లేదో చూసుకోండి. ఒకే రిపోర్టుతో రెండు పనులూ అవుతాయి.

ముందు 12 ఈసీఈ యూనిట్లు, వెంట ఇంగ్లిష్ సీ1000. ఇది నా సలహా. 12 యూనిట్లకే పనిలో చేరే దారి ఉంటుంది, డిగ్రీ పని చేసుకుంటూ నిదానంగా ముగించవచ్చు.

ఈస్ట్‌బే నాన్న:

చాలా థాంక్సండీ. ఒక సందేహం. అబ్బాయి స్నేహితులు డీ ఆంజా కాలేజీలో చేరుతున్నారు, వీడూ అక్కడ కొన్ని కోర్సులు చేస్తానంటున్నాడు. అక్కడ క్వార్టర్ సిస్టమ్, మాది సెమిస్టర్. కలిపితే ఇబ్బందా?

లెక్కల మాస్టారు:

కలపొచ్చు. లెక్క మాత్రం చూసుకోవాలి. క్వార్టర్ యూనిట్‌ని మూడుతో భాగించి రెండుతో గుణిస్తే సెమిస్టర్ యూనిట్. 4 క్వార్టర్ యూనిట్లంటే 2.67, 5 అంటే 3.33. డిగ్రీకి 60 సెమిస్టర్ లేదా 90 క్వార్టర్. ఏరియాకి కోర్సు ముఖ్యం కాబట్టి 4 క్వార్టర్ యూనిట్ల జీఈ కోర్సుతో ఆ ఏరియా తీరుతుంది. కానీ మొత్తం 60కి లెక్కేసేటప్పుడు ప్రతిదాని దగ్గర 0.33 తగ్గుతూ వస్తుంది. అలాంటివి ఆరు కలిస్తే 2 యూనిట్లు గల్లంతు. 59.3 దగ్గర ఆగిపోయి చివర్లో ఒక యూనిట్ పీఈ (వ్యాయామం) క్లాసు కోసం వెతుక్కునేవాళ్లని చూస్తుంటాం.

జీఈ కోర్సులు అయితే అక్కడ చేసినా పర్లేదు. సీక్వెన్సులు మాత్రం అటూ ఇటూ చేయొద్దు. సెమిస్టర్ కాలేజీలో అకౌంటింగ్ ఫైనాన్షియల్, మేనేజీరియల్ అని రెండు కోర్సులు. క్వార్టర్‌లో అదే 1ఏ, 1బీ, 1సీ అని మూడు (ఇవి అకౌంటింగ్ కోర్సుల నంబర్లు, పైన చెప్పిన ఏరియాలు కావు). 1ఏ అక్కడ చేసి సెమిస్టర్ కాలేజీకి వస్తే ఫైనాన్షియల్ పూర్తికాలేదు, మేనేజీరియల్‌లో కూర్చోనివ్వరు. క్యాలిక్యులస్‌దీ ఇదే కథ: అక్కడ నాలుగు ముక్కలు, ఇక్కడ మూడు. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ముగించాలి.

కోర్సు ఏ ఏరియాకి వస్తుందో అది నేర్పిన కాలేజీ లిస్టే చెప్పాలి, అది కూడా చదివిన ఏడాది లిస్టు. ఒక కాలేజీలో 3ఏలో ఉన్న కోర్సుని ఇంకో కాలేజీ 3బీ కింద వేసేయదు. అసిస్ట్ వెబ్‌సైట్‌లో అకడమిక్ ఇయర్, కాలేజీ పేరు ఎంచుకుని క్యాల్-జెట్‌సీ లిస్టు తెరవండి, రిజిస్టర్ చేసిన రోజే పీడీఎఫ్ దాచుకోండి. అదే సైట్లో కాలేజీ నుంచి క్యాంపస్‌కి మేజర్ అగ్రిమెంటు కూడా ఉంటుంది, అది విడిగా చూడాలి. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్‌తో యూసీకి వెళ్లేవాళ్లకు జీఈ కంటే ఆ అగ్రిమెంటే ప్రాణం. వాళ్లు మ్యాథ్స్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ ముందు కానిచ్చి, జీఈలో కొంత వెనక్కి నెట్టినా నష్టం లేదు. బిజినెస్ వాళ్లు అలా చేయకూడదు.

ఐ20 అక్క:

ఈ థ్రెడ్ ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కూడా చదువుతారు కనుక: మీరు సెమిస్టర్‌కి కనీసం 12 యూనిట్లు ఉంచాలి. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే వస్తుంది, 3 యూనిట్ల దాకా. జీఈ కోర్సులు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే ఖాళీగా కనిపిస్తాయి, ఆశపడి మూడు పెట్టుకుంటే స్టేటస్ మీదకే వస్తుంది. మధ్యలో డబ్ల్యూ (కోర్సు వదిలేసినట్టు ట్రాన్స్‌క్రిప్టులో పడే గుర్తు) తీసుకుని 12 కంటే దిగాలన్నా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి కావాలి, డ్రాప్ చేశాక చెప్తే లాభం లేదు. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబ సభ్యుల వీసా) వాళ్లకు ఐ20 (స్టూడెంట్ వీసాకి కాలేజీ ఇచ్చే పత్రం) అక్కర్లేదు, పార్ట్‌టైమ్ చదవొచ్చు.

గ్రేడ్ల విషయంలో అందరికీ వర్తించేది ఇంకోటి. ఒక కోర్సుని మొత్తం మూడుసార్లే ప్రయత్నించవచ్చు, డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నమే. సీ వచ్చిందంటే దాన్ని బీ చేసుకుందామని మళ్లీ తీసుకోవడం కుదరదు. డీ, ఎఫ్ లాంటివి వస్తేనే మళ్లీ. కాబట్టి నవంబరులో డీకీ సీకీ మధ్య ఊగుతున్నప్పుడు డబ్ల్యూకి ఆఖరి తేదీ ఎప్పుడో చూసుకుని, ప్రొఫెసర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

కాటలాగు పురుగు:

చివరగా సర్టిఫికేషన్. 34 యూనిట్లు పూర్తయినంత మాత్రాన క్యాల్-జెట్‌సీ దానంతట అది యూనివర్సిటీకి వెళ్లదు. ట్రాన్స్‌ఫర్‌కి ముందు చివరగా చదివిన కమ్యూనిటీ కాలేజీని అడగాలి. ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఆర్డర్ చేసేటప్పుడే సర్టిఫికేషన్ రిక్వెస్టు కూడా పెట్టాలి. అంతకంటే ముందు డీ ఆంజా ట్రాన్స్‌క్రిప్టు, కాలేజ్ బోర్డు స్కోర్లు ఆ కాలేజీ ఫైల్లో చేరి ఉండాలి, లేకపోతే 1ఏ ఖాళీ అని రాసి పంపేస్తారు. ఆఖరి స్ప్రింగ్ గ్రేడ్లు పడకముందే ఆర్డర్ చేస్తే అసంపూర్తి ట్రాన్స్‌క్రిప్టు వెళ్తుంది, ఆర్డర్ ఫారంలో "గ్రేడ్లు వచ్చేదాకా ఆపండి" అనే గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయండి.

డిగ్రీకి పిటిషన్ వేరు, దానికి గడువు వేరు. సాధారణంగా ఆఖరి సెమిస్టర్ మొదట్లోనే ఉంటుంది. ఏఎస్-టీ గ్యారంటీ కావాలంటే అది మర్చిపోకూడదు.

ఈస్ట్‌బే నాన్న:

రేపే కాలేజ్ బోర్డు స్కోర్లు పంపిస్తాను. ఉస్మానియా ట్రాన్స్‌క్రిప్టుకి హైదరాబాదులో మా బావమరిదిని పురమాయించాను. ఏజెన్సీ పేరు రెండు లిస్టుల్లోనూ చూసుకున్నాకే డబ్బు కడతాం.